చట్టసభలు – విదేశీ గడ్డపై సైనిక చర్య

నిర్వచనం, పరిధి

ఒక దేశం తన సైన్యాన్ని సరిహద్దు దాటించి బలప్రయోగానికి దించేటప్పుడు చట్టసభ ఇచ్చే ఆమోదం, పెట్టే షరతులు, తర్వాత అడిగే లెక్క, ఇవన్నీ కలిపి సైనిక చర్యకు చట్టసభ అనుమతి అనిపించుకుంటాయి. యుద్ధ ప్రకటన ఇందులో ఒక భాగం మాత్రమే. యుద్ధమని పేరు పెట్టకుండా జరిపే దాడులు, పొరుగు ప్రభుత్వం కోరితే పంపే దళాలు, ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షణ, నడిసముద్రంలో దొంగలపై నౌకాదళ చర్య కూడా దీని కిందికే వస్తాయి.

సైన్యానికి ఆజ్ఞ ఇచ్చేది ఎక్కడైనా కార్యనిర్వాహక వర్గమే. చట్టసభ చేతిలో ఉండేవి మూడు: ముందస్తు అనుమతి, ఖజానా తాళం, జవాబు అడిగే హక్కు. ఏ దేశంలో వీటిలో ఏది బలంగా ఉంది, ఏది నామమాత్రం అన్నదాన్ని బట్టి ఆ దేశ పద్ధతి తేలుతుంది.

ఈ మూడింటి చరిత్రనూ నెల్లూరు తీరం దగ్గరుండి చూసింది. పులికాట్ సరస్సు నుంచి ఇసకపల్లి ఉప్పు మడుల దాకా సాగే ఈ తీరం మొదట పరాయి దేశపు సభ అనుమతించిన బలం వచ్చి దిగిన చోటు. తర్వాత ఇక్కడి పన్నులు సముద్రం అవతలి యుద్ధాల ఖర్చులోకి వెళ్లాయి. ఇప్పుడు ఇక్కడి ఓటరు ఎన్నుకున్న సభ్యుడు రక్షణ పద్దులపై ఓటు వేస్తున్నాడు.

చరిత్ర: కంపెనీల కాలం

డచ్ ఈస్టిండియా కంపెనీకి 1602 మార్చి 20న సనదు ఇచ్చింది రాజు కాదు, నెదర్లాండ్స్ ప్రతినిధుల సభ స్టేట్స్ జనరల్. ఆసియాలో పాలకులతో ఒప్పందాలు చేసుకోవడానికి, కోటలు కట్టడానికి, సైనికులను పెట్టుకోవడానికి ఆ సనదు కంపెనీకి అధికారమిచ్చింది. ఏ కోట, ఏ ఊరు, ఎంత సైన్యం అన్న వివరం అందులో లేదు. డచ్చివారు 1610లో పులికాట్‌లో స్థిరపడ్డారు. 1613లో అక్కడ గెల్డ్రియా కోట లేచింది. చట్టసభ ఒక్కసారి మొత్తంగా అధికారం అప్పగించి, ఆపైన ప్రతి చర్యకూ విడిగా అనుమతి అడగనక్కర లేకుండా చేసే పద్ధతికి ఈ సనదు తొలి ఉదాహరణల్లో ఒకటి.

ఇంగ్లీషువారిది వేరే దారి. 1600 డిసెంబరు 31న కంపెనీకి సనదు ఇచ్చింది ఎలిజబెత్ రాణి. క్రైస్తవేతర రాజులతో యుద్ధం, సంధి చేసే అధికారం ఇచ్చింది 1661లో రెండో ఛార్లెస్. రెండిట్లోనూ పార్లమెంటు ప్రమేయం లేదు. 1626లో దుగరాజపట్నం దగ్గర కంపెనీ పెట్టుకున్న ఆర్మగాం స్థావరం, దాని చిన్న కోట 1600 నాటి ఆ రాచ సనదు నీడలో వెలిసినవే. 1639–40లో కంపెనీ అధికారి ఫ్రాన్సిస్ డే మద్రాసుకు తరలిపోవడంతో దాని ప్రాముఖ్యం తగ్గింది. ఆర్మగాం పేరు మాత్రం ఆ తీరంలోని లైట్‌హౌస్‌కు మిగిలింది.

చరిత్ర: పార్లమెంటు కళ్లెం (1773–1793)

కంపెనీ యుద్ధాలు పెరిగి అప్పులు మీద పడ్డాక బ్రిటిష్ పార్లమెంటు కదిలింది. 1773 రెగ్యులేటింగ్ చట్టం మద్రాసు, బొంబాయి ప్రభుత్వాలు బెంగాల్ అనుమతి లేకుండా యుద్ధానికి దిగకూడదంది. 1784 పిట్ ఇండియా చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. భారతదేశంలో దండయాత్రలు, రాజ్యవిస్తరణ బ్రిటిష్ జాతి ఇష్టానికి, గౌరవానికి, విధానానికి విరుద్ధమని ప్రకటించింది. లండన్ ఆజ్ఞ లేనిదే గవర్నర్ జనరల్ యుద్ధం ప్రకటించకూడదని నిషేధించింది. 1793 చార్టర్ చట్టం ఈ నిషేధాన్ని మళ్లీ చెప్పింది.

నిషేధంలోనే సందు ఉంది. ఎదుటి పక్షం దాడికి దిగినా, దాడికి సన్నాహాలు చేస్తున్నా యుద్ధం చేయవచ్చు. సన్నాహాలు జరుగుతున్నాయో లేదో తేల్చేది గవర్నర్ జనరలే. ఈ నిషేధం అమల్లో ఉండగానే కంపెనీ 1799లో శ్రీరంగపట్నం పట్టుకుంది. 1801 జులైలో కర్ణాటక నవాబుతో కుదిరిన ఒప్పందంతో నెల్లూరు సీమ కూడా దాని చేతికి వచ్చింది.

చరిత్ర: 1858 చట్టం, 55వ సెక్షను

కంపెనీ పాలన ముగించిన 1858 భారత ప్రభుత్వ చట్టంలో ఈ విషయానికి ఆయువుపట్టు లాంటి సెక్షన్లు రెండున్నాయి.

54వ సెక్షను సమాచారానికి సంబంధించినది. యుద్ధం మొదలుపెట్టమని భారతదేశానికి ఆజ్ఞ పంపితే, పార్లమెంటు సమావేశాల్లో ఉన్నప్పుడు మూడు నెలల్లోగా, లేనప్పుడు తిరిగి సమావేశమైన నెలలోగా ఉభయ సభలకూ ఆ సంగతి తెలియజేయాలి.

55వ సెక్షను డబ్బుకు సంబంధించినది. దాడిని తిప్పికొట్టడానికో, మరో అత్యవసరానికో తప్ప, భారతదేశ హద్దులు దాటి జరిగే సైనిక చర్యకు భారత ఆదాయం నుంచి ఖర్చు పెట్టాలంటే ఉభయ సభల సమ్మతి తప్పనిసరి. ఆ సభలు లండన్‌లోనివి. భారతీయులు ఎన్నుకున్న సభ్యుడు వాటిలో లేడు.

భారత ఆదాయం అన్న మాటను నెల్లూరు తీరంలో ఉంచి చూస్తే దాని బరువు తెలుస్తుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1805 నుంచి ఉప్పు ప్రభుత్వ గుత్తాధిపత్యంలోకి వెళ్లింది. సముద్రపు నీటిని మడుల్లోకి మళ్లించి, ఎండబెట్టి, గీకి కుప్పపోసిన ఉప్పు సర్కారు కొటారు దాటాలంటే పన్ను కట్టాలి. భూమిశిస్తుతో పాటు ఉప్పు పన్ను సర్కారు ప్రధాన ఆదాయాల్లో ఒకటి. ఇసకపల్లి, కృష్ణపట్నం మడుల ఉప్పు మీద వసూలైన పైకం కూడా 55వ సెక్షను కాపలా కాసిన ఆ ఖజానాలోదే.

సెక్షను ఎలా పనిచేసిందో 1867 చూపింది. అబిసీనియా, అంటే నేటి ఇథియోపియా చక్రవర్తి రెండో టెవొడ్రోస్ బ్రిటిష్ కాన్సల్‌ను, మరికొందరు ఐరోపావాసులను బంధించాడు. వారిని విడిపించడానికి రాబర్ట్ నేపియర్ నాయకత్వంలో భారతదేశం నుంచి సైన్యం వెళ్లింది. అందులో మద్రాసు శాపర్లూ (సైనిక ఇంజనీర్లు) ఉన్నారు. ఆ ఏడాది నవంబరులో పార్లమెంటు 55వ సెక్షను కింద తీర్మానం చేసింది. దళాల మామూలు జీతాలు భారత ఖజానా మీద, అదనపు ఖర్చు బ్రిటన్ మీద పడ్డాయి. సైనికులు ఇండియాలో ఉన్నా ఆ జీతం ఇవ్వాల్సిందే కదా అన్నది బ్రిటిష్ ప్రభుత్వ వాదన. ఇంకొకరి యుద్ధం చేస్తున్నప్పుడు ఆ జీతం భారతదేశం ఎందుకివ్వాలన్నది విమర్శకుల ప్రశ్న.

1878లో బ్రిటిష్ ప్రధాని డిజ్రేలీ ప్రభుత్వం సుమారు 7,000 మంది భారత సైనికులను మాల్టాకు పంపినప్పుడు పార్లమెంటులో పెద్ద రభస జరిగింది. శాంతికాలంలో సభ అనుమతి లేకుండా భారతదేశం వెలుపల సైన్యాన్ని ఉంచడం రాజ్యాంగ సంప్రదాయానికి విరుద్ధమని ప్రతిపక్షం తీర్మానం పెట్టింది. అది వీగిపోయింది.

చరిత్ర: మాట్లాడే హక్కు, ఓటు లేని పద్దు (1914–1939)

మొదటి ప్రపంచ యుద్ధంలో పది లక్షలకు పైగా భారతీయులు సముద్రం దాటి వెళ్లారు. 1914లో బ్రిటిష్ పార్లమెంటు తీర్మానాలతో వారి మామూలు ఖర్చు భారత ఆదాయం మీదే పడింది. 1917లో భారత ప్రభుత్వం మరో 10 కోట్ల పౌండ్లు యుద్ధానికి ఇచ్చింది. 55వ సెక్షనులోని నియమం 1915 భారత ప్రభుత్వ చట్టంలో 22వ సెక్షనుగా కొనసాగింది.

1919 సంస్కరణలతో ఢిల్లీలో ఎన్నికైన సభ్యులున్న కేంద్ర శాసనసభ ఏర్పడింది. రక్షణ ఖర్చు మాత్రం దాని ఓటుకు రాని పద్దు. అందుకే సభ తీర్మానాల దారి పట్టింది. 1921 మార్చిలో పి.ఎస్. శివస్వామి అయ్యర్ చొరవతో ఆమోదించిన తీర్మానాలు ఈ విషయంలో మైలురాళ్లు. సైన్యం ఉన్నది దేశాన్ని బయటి దాడి నుంచి కాపాడటానికి, లోపల శాంతి నిలపడానికి అని అవి చెప్పాయి. అంతకు మించి సామ్రాజ్యం కోసం భారతదేశం మోసే బరువు స్వపరిపాలన ఉన్న డొమినియన్లు మోసేదాని కంటే ఎక్కువ ఉండరాదని కోరాయి. వీటికి చట్టబలం లేదు.

ఆ లోటు 1939లో బయటపడింది. సభ సమ్మతి లేకుండా ఈజిప్టుకు, సింగపూరుకు భారత దళాలు తరలాయి. ఆగస్టులో వార్ధాలో సమావేశమైన కాంగ్రెస్ కార్యవర్గం దీన్ని నిరసిస్తూ, కేంద్ర శాసనసభలోని కాంగ్రెస్ సభ్యులు వచ్చే సమావేశాలకు వెళ్లవద్దని చెప్పింది. అప్పట్లో గుంటూరు–నెల్లూరు నియోజకవర్గ సభ్యుడు ఆచార్య ఎన్.జి. రంగా. సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఏ చట్టసభనూ సంప్రదించకుండా భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించాడు. అక్టోబరు నెలాఖరున మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెంలో పుట్టి, తర్వాత ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన బెజవాడ గోపాలరెడ్డి ఆ మంత్రివర్గ సభ్యుడు. సభకు అడిగే హక్కు లేని యుద్ధ నిర్ణయం మీద ఎన్నికైన ప్రభుత్వాలు గద్దె దిగిన ఘట్టం అది.

అనుమతిలో రకాలు

చట్టసభ అనుమతిని ఐదు రకాలుగా వర్గీకరించవచ్చు.

యుద్ధ ప్రకటన: సభ నేరుగా యుద్ధం ప్రకటిస్తుంది. అమెరికా కాంగ్రెస్ ఇంతవరకు ఐదు యుద్ధాల్లో 11 సార్లు ఇలా చేసింది. చివరిది 1942 జూన్‌లో.

నిర్దిష్ట అనుమతి: ఎక్కడ, ఎవరిపై, ఎంత కాలం అన్నది చెప్పి ఇచ్చేది. జర్మనీలో ఇది తప్పనిసరి.

స్థిరమైన అనుమతి: ఒక చట్టం చేసి, దాని హద్దుల్లో జరిగే ప్రతి చర్యకూ ముందే అధికారమివ్వడం. భారతదేశపు సముద్ర దొంగతన నిరోధక చట్టం ఈ కోవది (చూ: భారతదేశంలో ఆచరణ).

ఖర్చుపై ఆమోదం: చర్యకు కాదు, దానికయ్యే డబ్బుకు ఓటు.

తదుపరి సమీక్ష: చర్య జరిగాక ప్రకటన, ప్రశ్నలు, చర్చ, అవసరమైతే అవిశ్వాస తీర్మానం.

భారత రాజ్యాంగంలో

రాజ్యాంగం 53(2) అధికరణం సర్వసైన్యాధిపత్యాన్ని రాష్ట్రపతికి ఇచ్చి, దాన్ని చట్టప్రకారం వినియోగించాలంటుంది. ఆచరణలో నిర్ణయం మంత్రివర్గానిది, ముఖ్యంగా భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీది. యుద్ధం, శాంతి అన్న అంశం కేంద్ర జాబితాలో 15వది. అంటే దానిపై పార్లమెంటు చట్టం చేయవచ్చు. విదేశాలకు సైన్యాన్ని పంపే ముందు సభల అనుమతి తీసుకోవాలనే చట్టం మాత్రం ఇప్పటిదాకా రాలేదు. 1858 నాటి 55వ సెక్షను లాంటి నియమం కూడా రాజ్యాంగంలో లేదు.

352వ అధికరణం కింద యుద్ధం లేదా విదేశీ దురాక్రమణ కారణంగా అత్యవసర పరిస్థితి విధిస్తే నెలలోగా ఉభయ సభలూ ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలి. ఈ గడువు, మెజారిటీ 1978 నాటి 44వ సవరణతో వచ్చాయి. ఈ ఆమోదం దేశం లోపలి అధికారాలకు సంబంధించినదే తప్ప సైనిక చర్యకు అనుమతి కాదు.

సభ పట్టు గట్టిగా ఉన్నది డబ్బు దగ్గర. 113వ అధికరణం ప్రకారం రక్షణ పద్దులపై లోక్‌సభ ఓటు వేయాలి. రాజ్యసభకు చర్చించే హక్కే ఉంది. 114వ అధికరణం కింద ద్రవ్య వినిమయ చట్టం లేకుండా సంచిత నిధి నుంచి రూపాయి కదలదు. యుద్ధం ముంచుకొచ్చి ఖర్చు ఎంతవుతుందో చెప్పలేని స్థితి ఉంటే 116వ అధికరణం ‘వోట్ ఆఫ్ క్రెడిట్’కు వీలిస్తుంది. 1939లో రంగా కూర్చున్న సభకు లేనిది రక్షణ ఖర్చుపై ఓటు వేసే ఈ అధికారమే. అయితే పద్దులపై చర్చకు కేటాయించిన చివరి రోజున, చర్చ జరగని పద్దులన్నిటినీ కలిపి ఓటుకు పెట్టే గిలటిన్ పద్ధతిలో రక్షణ పద్దులు చర్చ లేకుండానే గడిచిన సంవత్సరాలున్నాయి.

జవాబు అడగడానికి సాధనాలు చాలానే ఉన్నాయి: ప్రశ్నోత్తరాలు, మంత్రి ప్రకటన, లోక్‌సభ 193వ నిబంధన కింద ఓటు లేని చర్చ, 184వ నిబంధన కింద ఓటుతో చర్చ, వాయిదా తీర్మానం, అవిశ్వాస తీర్మానం. 1993 నుంచి రక్షణ శాఖకు ప్రత్యేకంగా స్థాయీ సంఘం ఉంది. ఖర్చును కాగ్ నివేదికలు, ప్రజాపద్దుల సంఘం తనిఖీ చేస్తాయి.

భారతదేశంలో ఆచరణ

1971. మార్చి 31న ఉభయ సభలు తూర్పు బెంగాల్ ప్రజలకు సానుభూతి, మద్దతు తెలుపుతూ ఏకగ్రీవ తీర్మానం చేశాయి. యుద్ధానికి అది అనుమతి కాదు. కానీ ప్రభుత్వం వెనక సభ నిలిచిందన్న సంకేతం అందులో ఉంది. డిసెంబరు 3న పాకిస్తాన్ వైమానిక దాడులతో యుద్ధం మొదలైంది. బంగ్లాదేశ్ గుర్తింపును డిసెంబరు 6న ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు.

1987–90. 1987 జులై 29న కొలంబోలో ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనె ఒప్పందం చేసుకున్నారు. మర్నాటి నుంచే భారత శాంతి పరిరక్షక దళం శ్రీలంకలో దిగింది. తమిళ మిలిటెంట్ల ఆయుధాల అప్పగింతను పర్యవేక్షించడానికి వెళ్లిన దళం అక్టోబరుకల్లా వారిలోని ప్రధాన సంస్థ ఎల్‌టీటీఈతో పూర్తిస్థాయి పోరులో పడింది. దళం పని శాంతి కాపలా నుంచి యుద్ధానికి మారినప్పుడు ఆ మార్పు మీద పార్లమెంటు విడిగా ఓటు వేయలేదు. ప్రకటనలు, చర్చలు, ప్రశ్నలు జరిగాయి. 1,100 మందికి పైగా జవాన్లు ప్రాణాలిచ్చారు. చివరి దళం 1990 మార్చి 24న ట్రింకోమలీ నుంచి బయలుదేరింది. వెళ్లేటప్పుడే గడువు, లక్ష్యం రాసి పెట్టుకునే జర్మన్ తరహా అనుమతికీ, భారత పద్ధతికీ తేడా ఈ ఉదంతంలో స్పష్టంగా కనిపిస్తుంది.

2003. ఇరాక్‌పై అమెరికా కూటమి దాడిని నిరసిస్తూ ఏప్రిల్ 8న లోక్‌సభ ఏకగ్రీవ తీర్మానం చేసింది. తర్వాత ఇరాక్‌కు భారత దళాలను పంపమని అమెరికా కోరింది. జులై 14న భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ కాదంది. ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం ఉంటే పరిశీలిస్తామంది. చట్టబలం లేని తీర్మానం కూడా ప్రభుత్వ నిర్ణయానికి రాజకీయ హద్దు గీయగలదని చెప్పడానికి ఈ ఉదాహరణను తరచూ చూపుతారు.

2022. సముద్ర దొంగతన నిరోధక బిల్లును 2019 డిసెంబరులో ప్రవేశపెట్టారు. స్థాయీ సంఘం పరిశీలించాక 2022 డిసెంబరు 19న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించాయి. నడిసముద్రంలో దొంగల ఓడను ఆపి, ఎక్కి, పట్టుకుని, మనుషులను అరెస్టు చేసే అధికారం నౌకాదళానికి, కోస్ట్ గార్డుకు ఈ చట్టం ఇచ్చింది. విచారణకు సెషన్స్ కోర్టులను ప్రత్యేకంగా గుర్తించే వీలు కల్పించింది.

చట్టం పనితీరు 2024 మార్చిలో కనిపించింది. ‘ఎంవీ రూయెన్’ అనే సరుకు ఓడ అంతకు మూడు నెలల ముందు సోమాలీ దొంగల చేతికి చిక్కింది. భారత తీరానికి సుమారు 2,600 కిలోమీటర్ల దూరంలో ఐఎన్ఎస్ కోల్‌కతా దాన్ని అడ్డుకుంది. దొంగలు కాల్పులు జరిపారు. వైమానిక దళ విమానం నుంచి నౌకాదళపు మార్కోస్ కమాండోలు పారాచూట్లతో సముద్రంలోకి దిగారు. సుమారు 40 గంటల తర్వాత 35 మంది దొంగలు లొంగిపోయారు. 17 మంది నావికులు క్షేమంగా బయటపడ్డారు. దొంగలను మార్చి 23న ముంబయి పోలీసులకు అప్పగించారు. ఈ చర్యకు ముందు పార్లమెంటు ప్రత్యేకంగా సమావేశం కానక్కర లేకపోయింది. అనుమతి చట్టంలోనే ఉంది.

2025. మే 7న పాకిస్తాన్, పాక్ ఆక్రమిత కశ్మీర్‌లలోని స్థావరాలపై జరిపిన ఆపరేషన్ సిందూర్‌కు ముందు సభల ఓటు లేదు. ప్రభుత్వం అఖిలపక్ష సమావేశంలో వివరాలు చెప్పింది. లోక్‌సభలో జులై 28 నుంచి, రాజ్యసభలో 29 నుంచి సుదీర్ఘ చర్చ జరిగింది.

ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లో ఇప్పటివరకు 2,90,000 మందికి పైగా భారతీయులు పనిచేశారు. 1947 నాటి ఐక్యరాజ్యసమితి (భద్రతా మండలి) చట్టం సైనికేతర ఆంక్షల అమలుకే వర్తిస్తుంది. దళాలను పంపే నిర్ణయం మంత్రివర్గానిదే.

ఇతర దేశాల పద్ధతులు

అమెరికా: యుద్ధ ప్రకటన అధికారం కాంగ్రెస్‌ది, సైన్యాధిపత్యం అధ్యక్షుడిది. 1964 ఆగస్టు 7 నాటి టాంకిన్ తీర్మానం వియత్నాం యుద్ధానికి తలుపు బార్లా తెరిచింది. ఆ అనుభవంతో 1973లో నిక్సన్ వీటోను తోసిరాజని యుద్ధాధికారాల తీర్మానం వచ్చింది. దళాలను దింపిన 48 గంటల్లో అధ్యక్షుడు కాంగ్రెస్‌కు చెప్పాలి. అనుమతి రాకుంటే 60 రోజుల్లో చర్య ఆపాలి, వెనక్కి రావడానికి మరో 30 రోజులు ఉంటాయి. 2001 సెప్టెంబరులో ఇచ్చిన బలప్రయోగ అనుమతిలో గడువు గానీ దేశం పేరు గానీ లేవు.

బ్రిటన్: యుద్ధం రాచ విశేషాధికారం. ప్రధాని దాన్ని వాడతాడు. ఇరాక్ యుద్ధానికి 2003 మార్చి 18న కామన్స్ సభ 412–149తో మద్దతిచ్చింది. 2013 ఆగస్టు 29న సిరియాపై చర్యను 285–272తో తిరస్కరించింది, ప్రభుత్వం ఆగిపోయింది. 2018 ఏప్రిల్‌లో సిరియాపై దాడులు ఓటు లేకుండానే జరిగాయి.

జర్మనీ: రాజ్యాంగ న్యాయస్థానం 1994 జులై 12 తీర్పుతో సాయుధ దళాలను పంపాలంటే బుండెస్టాగ్ అనుమతి తప్పనిసరి అయింది. 2005 చట్టం దళం ఎంత, పని ఏమిటి, ఎక్కడ, ఎంత కాలం, ఖర్చెంత అన్నవి రాతలో కోరుతుంది. వెనక్కి పిలిపించే హక్కూ సభకుంది.

ఫ్రాన్స్: 2008లో సవరించిన 35వ అధికరణం ప్రకారం చర్య మొదలైన మూడు రోజుల్లో పార్లమెంటుకు తెలపాలి. నాలుగు నెలలు దాటితే ఆమోదం కావాలి.

తుర్కియే: 2003 మార్చి 1న అమెరికా దళాలను తమ గడ్డ మీదికి అనుమతించే తీర్మానానికి అనుకూలంగా 264, వ్యతిరేకంగా 250 ఓట్లు వచ్చాయి. 19 మంది తటస్థంగా ఉండటంతో కావలసిన మెజారిటీ అందక అది వీగిపోయింది.

ప్రాముఖ్యం, వాదోపవాదాలు

ముందస్తు ఓటు కోరేవారి వాదన ఇది: ప్రాణాలు, పన్నులు పణంగా పెట్టే నిర్ణయంలో ప్రజాప్రతినిధుల మాట ముందే ఉండాలి. అనుమతి కోసం లక్ష్యం, గడువు రాయాల్సి వస్తే ప్రభుత్వం కూడా స్పష్టంగా ఆలోచిస్తుంది. శ్రీలంకలో జరిగినట్టు పని మధ్యలో మారిపోతే మళ్లీ సభ ముందుకు రావాల్సి ఉంటుంది.

వద్దనేవారు వేగాన్ని, రహస్యాన్ని చూపుతారు. 1988 నవంబరులో మాల్దీవుల అధ్యక్షుడు గయూమ్ సాయం కోరిన కొద్ది గంటల్లోనే భారత పారాట్రూపర్లు హుల్హులె విమానాశ్రయంలో దిగారు. సభను సమావేశపరిచేదాకా ఆగితే అది సాధ్యమయ్యేది కాదు. పార్లమెంటరీ విధానంలో మంత్రివర్గం 75(3) అధికరణం కింద లోక్‌సభకే బాధ్యత వహిస్తుంది కాబట్టి నమ్మకం కోల్పోయిన ప్రభుత్వాన్ని దించేయడమే అసలు అదుపు అని కూడా వారంటారు.

నెల్లూరు లోక్‌సభ సభ్యుడి స్థానం నుంచి చూస్తే నేటి పరిస్థితి ఇలా ఉంటుంది. విదేశానికి దళం వెళ్లే ముందు ఆయన ఓటు ఎవరూ అడగరు. వెళ్లాక ప్రశ్న వేయవచ్చు, చర్చకు నోటీసు ఇవ్వవచ్చు, అవిశ్వాస తీర్మానంపై సంతకం పెట్టవచ్చు. ఏటా రక్షణ పద్దు వచ్చినప్పుడు కోత తీర్మానం ప్రతిపాదించవచ్చు, ఆ పద్దుకు వ్యతిరేకంగా ఓటు వేయవచ్చు. కృష్ణపట్నం నుంచి బయలుదేరిన ఓడను నడిసముద్రంలో దొంగలు అడ్డగిస్తే, దాన్ని విడిపించే నౌకాదళానికి 2022లో ఆయన సభ ఆమోదించిన చట్టమే ఆధారం.